రోడ్డు మధ్య అరుగు

మా పిన్ని నీళ్ళకుండలు రోడ్డుకి ఆ పక్కన ఉండేవి. ఇల్లు ఈ పక్కన. మధ్యలో నేను పనిచేసే ఆఫీసు ఉండేది. అంటే ఆఫీసు భవనం కాదు, ఆఫీసు వేసిన రోడ్డు. తామ్వే అనే పేటలో ఆ రోడ్డుని వెడల్పు చేసిన విభాగంలో నేనూ ఒక ఇంజనీరుని. ఆవిడ రోజూ పొద్దున్నే ఆ రోడ్డు దాటి తన కుండలు నింపుకోగలదా లేదా అన్నదే నా ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పీడించిన ప్రశ్న. మిగతావన్నీ దాని చుట్టూ తిరిగినవే.

నా పేరు నూకరత్నం. ఆఫీసులో డా ఖిన్ సాన్. యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, పుట్టిన మా తెలుగువాళ్ళకి ఇంట్లో ఒక పేరు, బళ్ళో ఒక పేరు ఉండటం కొత్తేమీ కాదు. 'డా' అంటే మన 'గారు' లాంటిది, పెద్దవయసు ఆడవాళ్ళ పేరుకి ముందు తగిలిస్తారు. మగవాళ్ళకైతే 'ఊ', చిన్నవయసు ఆడపిల్లలకైతే 'మ'. మా ముత్తాత విశాఖపట్నం వైపునుంచి ఓడెక్కి ఇక్కడి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడు. ఆయన మనవరాలి కూతురు అదే ఊళ్ళో రోడ్లకి గీతలు గీసింది. ఇంతకంటే వంశచరిత్ర అక్కర్లేదు.

నా తర్వాత ఆ పనిలోకి వచ్చిన మ థీరి అనే అమ్మాయి, "ఆంటీ, ఇవన్నీ రాసిపెట్టండి" అంది. ఎందుకు అడిగిందో చివర చెబుతాను. బర్మీస్‌లో రాయబోతే చెయ్యి దానంతటదే ఆఫీసు భాషలోకి జారిపోతోంది. 'తగు చర్యలు గైకొనబడును' అనే ఆ రోత ఇంకెందుకు? అందుకే తెలుగులో రాస్తున్నాను. థీరికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. చదివి వినిపిస్తాను. విశాఖలోనో బరంపురంలోనో ఈ పనిలో చేరబోయే పిల్లల చేతిలో పడితే మరీ మంచిది. రోడ్లు ఎక్కడైనా రోడ్లే, మోకాళ్ళు ఎక్కడైనా మోకాళ్ళే.

ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి. రానివి ఎందుకు రాలేదో చెబితే ఇంకా బతికున్న ఇద్దరు ముగ్గురికి కోపమొస్తుంది.

డ్రెయిను మూత

చేరిన కొత్తలో మా పెద్దసారు ఊ తిన్ మౌంగ్ నన్ను పిలిచి, "ఫుట్‌పాత్ అంటే ఏమిటి?" అని అడిగాడు. నేను కాలేజీలో చదివింది గడగడా అప్పజెప్పాను. ఆయన తలూపి, "కాదమ్మా, ఫుట్‌పాత్ అంటే డ్రెయిను మూత" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నాను. నిజంగానే అన్నాడు.

యాంగోన్‌లో కాలువ మీద పరిచిన సిమెంటు పలకలే ఫుట్‌పాత్. వానాకాలం ముందు పలకలు లేపి పూడిక తీస్తారు, తిరిగి పెట్టేటప్పుడు రెండు విరుగుతాయి, ఒకటి మాయమవుతుంది. ఆ కంతలో వీధివాళ్ళు ఒక చెట్టుకొమ్మ గుచ్చిపెడతారు, చీకట్లో ఎవరూ పడకుండా. కొమ్మ కనబడిన చోటల్లా అది మన మీద ఫిర్యాదే అని నేను అర్థం చేసుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది. అంతకుముందు నేనూ దాన్ని చెత్త అనుకుని తీయించేదాన్ని.

ఊ తిన్ మౌంగ్‌ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. నీళ్ళ విషయంలో ఆయన్ని మించినవాడిని నేను చూడలేదు. ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో మబ్బు చూసి చెప్పేవాడు. మోకాలి లోతు నీళ్ళలో లుంగీ ఎగ్గట్టి దిగిపోయేవాడు. కానీ ఆయన బుర్రలో రోడ్డు మీద రెండే పారేవి: నీళ్ళు, బళ్ళు. మనుషులు ఆ రెంటికీ అడ్డం. ఆయన చెడ్డవాడేమీ కాదు. కారులో వచ్చి కారులో పోయేవాడు, అంతే.

ఒకసారి బజారు దగ్గర ఫుట్‌పాత్ అంచు బాగా ఎత్తు చేయించాడు, బళ్ళు ఎక్కకుండా. బళ్ళు ఎక్కలేదు నిజమే, ఆడవాళ్ళూ ఎక్కలేకపోయారు. ఇక్కడ ఆడవాళ్ళు కట్టుకునే తమీన్ కాళ్ళకి చుట్టుకుని ఉంటుంది. చేతిలో కూరల బుట్టతో అంత ఎత్తు అడుగెయ్యాలంటే తమీన్ మోకాలి దాకా ఎత్తుకోవాలి. నడిబజార్లో ఎవరు ఎత్తుకుంటారు? అందరూ కిందే, కార్ల పక్కనే నడిచారు. నేను చెబితే "అలవాటవుతుంది" అన్నాడు. ఈ మాట మీరు ఉద్యోగమంతా వింటారు. అలవాటైనది కింద నడవడమే.

తలుపు ఎటుపక్క

ఇది వింటే నవ్వొస్తుంది, మాకు మాత్రం ఏడుపొచ్చింది.

మా దేశంలో బళ్ళు రోడ్డుకి కుడిపక్కన పోతాయి. బస్సులేమో ఒకప్పుడు జపాన్‌లో వాడేసినవి వచ్చేవి. అక్కడ ఎడమపక్కన పోతారు కాబట్టి వాటి తలుపు ఎడమవైపు ఉంటుంది. అంటే మా దగ్గర ఆ తలుపు ఫుట్‌పాత్ వైపు కాదు, రోడ్డు నడిమధ్యకి తెరుచుకుంటుంది. కొందరు ఓనర్లు కుడివైపు రేకు కోయించి కొత్త తలుపు పెట్టించుకున్నారు. చాలామంది పెట్టించుకోలేదు. జనం రోడ్డు మధ్యలోనే ఎక్కేవారు, మధ్యలోనే దిగేవారు.

ఆ రోజుల్లో మా విభాగం ఒక నమూనా బస్టాప్ కట్టింది. పైకప్పు, బెంచీ, పూలకుండీలు, జనం రోడ్డు మీదికి తోసుకురాకుండా అంచు పొడుగునా తళతళలాడే స్టీలు రెయిలింగు. పెద్దాయనెవరో వచ్చి రిబ్బను కత్తిరించాడు. మొదటి బస్సు వచ్చి ఆగింది. తలుపు అవతలివైపు! జనం రెయిలింగు చివరిదాకా పరిగెత్తి, బస్సు ముందునుంచి చుట్టు తిరిగి, పక్కనుంచి దూసుకొస్తున్న టాక్సీలకి ఎదురెళ్ళి ఎక్కాల్సొచ్చింది. కండక్టరు "మ్యన్ మ్యన్", తొందరగా తొందరగా, అని అరుస్తూనే ఉన్నాడు. మేమందరం ఇస్త్రీ బట్టల్లో నిలబడి చూశాం.

బస్సు తలుపు ఎటుంటుందో ఊళ్ళో చంటిపిల్లాడికి తెలుసు. మాకెందుకు తట్టలేదు? మేమందరం ఆఫీసు ఫెర్రీలో వచ్చేవాళ్ళం. ఫెర్రీ అంటే ఇక్కడ పడవ కాదు, ఉద్యోగుల్ని ఇంటిదగ్గర ఎక్కించుకునే ఆఫీసు బస్సు. దాని తలుపు ఎప్పుడో కుడివైపుకి మార్పించారు. మా బస్సుకి సరిపోయే బస్టాప్ మేం కట్టుకున్నాం.

ఆ సాయంత్రం పిన్ని దగ్గరికెళ్ళి చెబితే నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"ఓలమ్మో! ఇల్లు కట్టి గుమ్మం ఎటుందో సూసుకోనేదేటే మీరు? ఇంతమంది సదువుకున్నోల్లు ఉండి?"

"నువ్వు నవ్వకు పిన్నీ, నాకు తల కొట్టేసినట్టుంది."

"కొట్టేసుకోడమెందుకే గుంటా, రేపట్నుంచి బస్సెక్కు."

ఎక్కాను. ఆ మర్నాటినుంచి వారంలో సగం రోజులు ఫెర్రీ మానేసి మామూలు బస్సులో వెళ్ళాను. చెమట కారింది, ఆలస్యమైంది, సారు సణిగాడు. కానీ నా ఉద్యోగం నిజంగా మొదలైంది ఆ బస్సులోనే అని ఇప్పటికీ అంటాను.

ఎదురుగా కనబడే కొట్టు

ఒకసారి కొన్ని వారాల ట్రైనింగుకి నన్ను అమెరికాలో ఒక ఊరికి పంపారు. నగరాల్ని మనుషులు నడవడానికి, బస్సెక్కడానికి వీలుగా ఎలా మార్చాలో నేర్పుతారన్నారు. అంత పెద్ద దేశం నడక గురించి కొత్తగా నేర్చుకోవడమేమిటని అనుకుంటూ వెళ్ళాను.

మొదటి సాయంత్రం హోటల్ కిటికీలోంచి చూస్తే రోడ్డుకి అవతల కొట్టు కనబడుతోంది. పెరుగు కొనుక్కుందామని బయల్దేరాను. హోటల్ ముందు ఫుట్‌పాత్ లేదు. గడ్డి ఉంది, ఆ గడ్డి దాటితే నదంత రోడ్డు. దాటడానికి గీతలు లేవు. సిగ్నల్ ఎక్కడో దూరంగా మిణుకుమిణుకుమంటోంది. గడ్డిలో నడుచుకుంటూ పోతుంటే పోలీసు కారు వచ్చి ఆగింది. పాపం ఆ పిల్లవాడు మర్యాదగానే, "అమ్మా, మీరు బాగానే ఉన్నారా? కారు పాడైందా?" అని అడిగాడు. కారు లేదు, పెరుగు కోసం పోతున్నానంటే నమ్మలేక నమ్మలేక, తన కార్లో ఎక్కించుకుని రోడ్డు దాటించాడు. పెరుగు డబ్బాతో పోలీసు కార్లో హోటల్‌కి తిరిగొచ్చాను. మా ఇంట్లో తెలిస్తే ఏమనుకునేవాళ్ళో.

మాకు పాఠం చెప్పినావిడ పేరు కారల్. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ బూట్లు మట్టి చేసుకుని ఉండేది. మొదటిరోజే చెప్పేసింది: తన ఉద్యోగంలో సగం కాలం రోడ్లు వెడల్పు చేసిందట, మిగతా సగం వాటినే ఇరుకు చేస్తోందట. మమ్మల్ని క్లాసులో తక్కువ, రోడ్డు మీద ఎక్కువ కూర్చోబెట్టింది. మూల మలుపుల్ని బిగిస్తే కార్లు వాటంతటవే ఎలా నెమ్మదిస్తాయో, బస్టాప్‌కి నీడ ఎందుకు ముఖ్యమో చూపించింది. నాకు బాగా పట్టుకున్నది మాత్రం ఒకటే. రోడ్డు దాటే మనిషి ఒక్కసారి దాటడు, రెండుసార్లు దాటుతాడు. ముందు ఇటువైపు వచ్చే బళ్ళని, తర్వాత అటువైపు వచ్చే బళ్ళని. అందుకని మధ్యలో నిలబడే చోటివ్వాలి, అంది. చేత్తో కొలత చూపిస్తూ రోడ్డు నడుమ ఎత్తుగా కట్టిన గట్టు ఒకటి చూపించింది. నాకు వెంటనే అరుగు గుర్తొచ్చింది. ఇంటి ముందు ఉండేది రోడ్డు మధ్యకొచ్చింది, అంతే.

ఆ ఊళ్ళో ఒక సాయంత్రం జనంతో మీటింగు పెట్టారు. బస్టాప్‌కి చేరడానికి కార్ల మధ్య చక్రాల కుర్చీ నడుపుకొచ్చే ఒకాయన నెమ్మదిగా మాట్లాడాడు. ఫుట్‌పాత్ వేస్తే తన కొట్టు ముందు కార్లు ఎక్కడ పెట్టాలని ఒక షాపతను బల్ల గుద్దాడు. నేను మా ఊళ్ళోనే ఉన్నట్టనిపించింది.

ఊ తిన్ మౌంగ్ నాకంటే ముందే అదే దేశం వెళ్ళొచ్చాడు. ఆయన కారులోంచి తీసిన ఫ్లై ఓవర్ల ఫొటోలు తెచ్చి ఆఫీసు గోడకి అంటించాడు. వాళ్ళు విసిగిపోయి మార్చుకుంటున్నదాన్ని మేం ముచ్చటపడి గోడకి తగిలించుకున్నాం. ఈ మాట ఆయన ముందే అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు.

పిన్ని కుండలు

ఇక అసలు సంగతి.

మన తెలుగునాట ఎండాకాలంలో చలివేంద్రాలు పెడతారని విన్నాను. ఇక్కడ ఏడాది పొడుగునా ఉంటాయి. దారి పక్కన చిన్న చెక్క మంటపం, అందులో మూతపెట్టిన మట్టికుండలు, బోర్లించిన గ్లాసు. దారినపోయేవాడు ఎవడైనా తాగొచ్చు. పెట్టినవాళ్ళకి పుణ్యం. కుండ ఎండిపోనివ్వడం మాత్రం మంచిది కాదంటారు.

మా బాబాయి తన్లిన్ రిఫైనరీలో పనిచేసేవాడు. నది అవతలున్న తన్లిన్‌కి పోయే బస్సు కోసం రోజూ తామ్వేలో ఇంటికెదురుగా, రోడ్డు అవతల నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడేవాడు. గుండె ఆగి ఆయన ఉన్నట్టుండి పోయాక, పిన్ని అప్పలనరసమ్మ ఆయన నిలబడే చోటే రెండు కుండలు పెట్టింది. రోజూ స్నానం చేసి, పెరట్లో నూతినీళ్ళు బిందెతో తోడి, రోడ్డు దాటి, గ్లాసు తోమి, కుండలు నింపి వచ్చేది. తన్లిన్ ఫ్యాక్టరీలకి పోయే కుర్రాళ్ళూ ఆడపిల్లలూ ఆ నీళ్ళు తాగి బస్సెక్కేవారు. "అమే" అని పిలిచేవారు ఆవిణ్ణి. అమ్మ అని.

తర్వాత మా విభాగం ఆ రోడ్డు వెడల్పు చేసింది. మధ్యలో డివైడరు, దాని మీద నడుమెత్తు ఇనప కంచె, దూరంగా ఒక ఫుట్‌బ్రిడ్జి. మీటింగులో నేను వద్దన్నాను. ఆ చెట్టు దగ్గర జనం దాటుతారు, అక్కడే దారి ఇవ్వండన్నాను. "జనం క్షేమం కోసమే బ్రిడ్జి" అన్నాడు ఊ తిన్ మౌంగ్. అందరూ తలూపారు. ఓడిపోయాను.

పిన్ని కొన్నాళ్ళు చిన్న బిందెతో బ్రిడ్జి ఎక్కింది. మెట్టుమెట్టుకీ కూర్చుని ఎక్కింది. ఒకరోజు దిగుతూ జారింది. బిందె మెట్ల మీద దొర్లుకుంటూ పోయి కిందపడింది, మోకాలు గుమ్మడికాయలా వాచింది. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. అప్పట్నుంచి గుమ్మంలో కూర్చుని అవతలి కుండల వైపు చూస్తూ ఉండేది. ఎదురింటివాళ్ళు వారానికోసారి, నేను ఆదివారాలు నింపేవాళ్ళం. మిగతా రోజులు ఎండేవి.

నేను ఒకరోజు తేలిగ్గా, "కుండలు ఇటుపక్కకి మార్చేద్దాం పిన్నీ, గుమ్మం ముందే ఉంటాయి" అన్నాను.

నా వంక అలా చూసింది. "ఇటుపక్క ఎవులు నిలబడతారే? బస్సు ఇటాగుద్దేటి? దప్పికున్న కాడ నీల్లెట్టాల గానీ, నీల్లున్న కాడికి దప్పికని రమ్మంటామేటి?"

"మరి నువ్వా కంచె దూరి పోతావా? ఏ బస్సో గుద్దితే?"

"గుద్దితే గుద్దనీ. ఆ కుండలెండిపోతే మీ బాబాయికి గొంతెండినట్టుంటాది నాకు. నువ్వు రోడ్లేసే దానివి కదా, నాకోటి ఎయ్యలేవేటి?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఏదో అనేసి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఏడ్చాను. ఆవిడ అడిగిందాంట్లో తప్పేముంది? నా చదువు, నా అమెరికా ట్రైనింగు, ఒక ముసలావిణ్ణి బిందెడు నీళ్ళతో రోడ్డు దాటించలేకపోయాయి. కారల్ చూపించిన గట్టు బొమ్మ గీసి, కంచె కోసి, గీతలూ సిగ్నలూ పెట్టి, ప్లాను పంపాను. "బళ్ళ వేగం తగ్గుతుంది" అని తిప్పి పంపాడు సారు. తగ్గాలనే కదండీ అన్నాను. మళ్ళీ పంపాను. మళ్ళీ తిరిగొచ్చింది.

ఇక్కడ కొత్తవాళ్ళకి ఒక మాట. పైవాడి మనసు మార్చాలంటే మీకిష్టమైన దారి పట్టకండి, ఆయనకిష్టమైన దారి పట్టండి. నేను ఊ తిన్ మౌంగ్‌ని డ్రెయినుకి పిలిచాను. నిద్రగన్నేరు దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి, మీరు చూస్తే గాని తేలదన్నాను. అబద్ధం కాదు, నిలుస్తున్నాయి. మర్నాడే వచ్చాడు. మండుటెండలో పలకలు లేపించి, వంగి చూసి, చెమటలు కక్కుతూ పైకి లేచి, నేరుగా మంటపం దగ్గరికెళ్ళి కుండ మూత తీశాడు. ఎండిపోయి ఉంది. రెండోదీ అంతే. ఆయన మొహం మారిపోయింది. వాళ్ళమ్మ కూడా వాళ్ళ ఊళ్ళో కుండలు పెట్టేదని నాకు అప్పుడే చెప్పాడు.

"ఎవరివి ఇవి? ఇలా ఎండబెడతారా?" అని గట్టిగా అన్నాడు.

నేను రోడ్డు అవతలికి చూపించాను. పిన్ని గుమ్మంలో బిందె పక్కన పెట్టుకుని కూర్చునుంది.

"అమే! నీళ్ళు తీసుకురా!" అని అరిచాడు ఆయన బర్మీస్‌లో.

పిన్ని లేచి నిలబడి తెలుగులోనే అందుకుంది. "ఎలా తెత్తానయ్యా? నీ ఇనప కంచి మీంచి ఎగిరి రమ్మంటావేటి? కట్టినోడివి నువ్వే కదా, నువ్వే వొచ్చి అట్టుకెల్లు!"

"ఏమంటోంది?" అన్నాడు సారు.

ఉద్యోగంలో చాలాసార్లు పెద్దవాళ్ళ మాటలు మెత్తగా చేసి అనువదించాను. ఆరోజు ఒక్క అక్షరం మార్చలేదు.

ఆయన కంచె వైపు చూశాడు, దూరంగా బ్రిడ్జి వైపు చూశాడు. "సరే, నేనే తెస్తాను" అని పౌరుషంగా బయల్దేరాడు. బొజ్జ మనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాడు. బ్రిడ్జి మెట్ల మీద ఎండలో ఆయన తెల్లచొక్కా నెమ్మదిగా ఎక్కడం, మధ్యలో ఆగడం, మళ్ళీ ఎక్కడం కింద నుంచి చూస్తూ నిలబడ్డాను. పిన్ని ఆయనకి ముందు మజ్జిగిచ్చిందట, తర్వాతే బిందె ఇచ్చిందట. తిరిగొచ్చేసరికి సగం నీళ్ళు చొక్కా మీదున్నాయి. మిగిలింది కుండలో పోసి, చాలాసేపు ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు.

"ఆ డ్రాయింగు మళ్ళీ పంపు" అన్నాడు చివరికి. ఆ తర్వాత ఎప్పుడూ ఆ రోజు గురించి మాట్లాడలేదు. పైకి మాత్రం దాన్ని 'ప్రయోగాత్మకంగా' అని రాయించాడు, రేపు ఎవరైనా అడిగితే తప్పించుకోవడానికి. అదీ ఆయనే. ఆయన మీద నాకిప్పుడు కోపం లేదు.

అరుగు

కంచె కోశారు. రోడ్డు నడుమ నులకమంచమంత గట్టు కట్టారు, చక్రాల బండి పోయేలా మధ్యలో దారి వదిలి. అటూ ఇటూ తెల్లగీతలు, సిగ్నలు.

మొదటి పొద్దున పిన్ని బిందెతో బయల్దేరింది, నేను పక్కన. సగం దాటి గట్టు ఎక్కింది. బిందె దించింది. దించి, నిక్షేపంగా కూర్చుంది. అటూ ఇటూ బస్సులు పోతున్నాయి. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదుతూ పరిగెత్తుకొచ్చాడు, కూర్చోకూడదని.

"అరుగేసింది కూకోడానికి కాదేటి?" అంది పిన్ని, నా వైపు తిరిగి. "సెప్పవే వోడికి."

చెప్పాను. ఆవిడ వాడికి గ్లాసుడు నీళ్ళిచ్చింది. తాగి, ఈల జేబులో పెట్టుకుని, ఆవిడ లేచేదాకా పక్కన నిలబడ్డాడు.

అయితే ఒకటి చెప్పాలి. కంచె వెనక కూర్చున్న ఆ కాలంలో పిన్ని నడక పోయింది. అరుగు వచ్చాక నడిచింది గానీ, ఒకప్పటి నడక కాదు. ఒక చంకన బిందె, రెండో చెయ్యి గోడ మీదో నా భుజం మీదో. మనం ఒక ప్లాను ఫైలులో పడుకోబెట్టినప్పుడు రోడ్డు ఆగుతుందని అనుకుంటాం. ఆగేది రోడ్డు కాదు, ఎవరివో కాళ్ళు. అవి మళ్ళీ మొదలుపెట్టమంటే మొదలవ్వవు. నాకు ఈ బాధ పోలేదు, పోదు.

కరెంటు పోవడం మా ఊళ్ళో ఇప్పుడు రోజూ ఉన్నదే. కరెంటు పోతే సిగ్నలు గుడ్డిదైపోతుంది. అరుగుకి కరెంటు అక్కర్లేదు. పిన్ని చివరి ఎండాకాలం దాకా కుండలు తనే నింపింది. ఆవిడ పోయాక ఆ బిందె నా దగ్గరికొచ్చింది. తామ్వేలో ఆ ఇంట్లోనే ఉంటున్నాను, పొద్దున్నే దాటుతున్నాను. ఇప్పుడు నా మోకాళ్ళు కూడా మాట్లాడుతున్నాయి.

థీరి వచ్చిన పొద్దున

కిందటి నెల మ థీరి ఫోన్ చేసింది. ఈ ఊళ్ళోనే మింగళ తౌంగ్‌న్యున్ పేట పిల్ల, వాళ్ళ మామ్మ గంజాం నుంచి వచ్చిన కుటుంబం. ఇంటిపేరు చెబితే నాకు దూరపు చుట్టమే అవుతుంది.

"ఆంటీ, సారీ. తామ్వే ఐలాండ్, అదే మీ అరుగు, తీసేస్తారట. జామ్ అవుతోందని పైనుంచి చెప్పారు. ఫుట్‌బ్రిడ్జి పెడతారు, ఈసారి ఎస్కలేటర్‌తో. రిపోర్టు నన్ను ఇమ్మన్నారు."

"కరెంటు?"

"అదే ఆంటీ."

నాకు అరవాలనిపించింది. అరవలేదు. నేను అరిస్తే ఆ పిల్ల ఏం చేస్తుంది? పైవాళ్ళ మాటకీ నా మాటకీ మధ్య నలిగిపోతుంది. "రేపు పొద్దున్నే రా, ఫెర్రీలో కాదు, బస్సులో రా" అన్నాను.

వచ్చింది. ఆఫీసు చెప్పులు, భుజానికి లాప్‌టాప్ సంచి. సంచి లోపల పెట్టించి, నూతి దగ్గర బిందె నింపి థీరి చంకకెత్తాను. "అయ్యో ఆంటీ, ఇంత బరువా!" అంటూ నవ్వింది. బయల్దేరాం. ఆ పొద్దున కరెంటు లేదు, సిగ్నలు చచ్చిపోయి ఉంది. రెండడుగులు ముందుకి, ఒకడుగు వెనక్కి, ఎలాగో మొదటి సగం దాటాం. తన్లిన్ బస్సు ఒకటి హారన్ కొడుతూ మీదికొచ్చేసింది. థీరి ఒక్క ఉదుటున అరుగెక్కి, బిందె దించేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది. బస్సు గాలికి ఆ పిల్ల జుట్టు ఎగిరింది. బిందెలో నీళ్ళు అటూ ఇటూ ఊగి, మెల్లగా నిలబడ్డాయి.

థీరి చేతులు ఎర్రగా కమిలిపోయాయి. వాటివైపు చూసుకుంది, కింద అరుగు వైపు చూసింది, ఇటూ అటూ పోయే బళ్ళ వైపు చూసింది. ఎప్పుడూ నాతో బర్మీస్, ఇంగ్లీషు కలిపి మాట్లాడే పిల్ల, వాళ్ళ మామ్మ దగ్గర నేర్చుకున్న ఆ నాలుగు ముక్కల తెలుగులో అడిగింది.

"ఆంటీ, ఇది నేకపోతే... నాను బిందె ఎక్కడెట్టాల?"

"నన్నెందుకడుగుతావే? మీ మీటింగులో అడుగు" అన్నాను.

"ఇదంతా రాసిపెట్టండి ఆంటీ, మా మీటింగులో కూర్చునేవాళ్ళు ఎవరూ బిందె మొయ్యలేదు కదా" అంది. తర్వాత రోడ్డు ఖాళీ అయింది. బిందె అందుకోబోతే నా చెయ్యి తప్పించి, మళ్ళీ తనే ఎత్తుకుంది.